గుండుగొలను గోడ మీద చేతిరాత

కిందటి నెలలో ఒక ఉదయం మా అపార్టుమెంటు సెక్రటరీగారు ఫోను చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఏలూరులో మేముండేది నాలుగంతస్తుల భవనం. దాని లిఫ్టు లోపలి గోడ మీద ఎవరో మార్కరు పెన్నుతో ఆయన గురించి ఒక మాట రాశారు. పెద్ద తప్పుమాటేమీ కాదు, నీళ్ళ మోటారు వేయడానికి బద్ధకమని రాశారు, అది నిజం కూడాను. ఆయన మాత్రం బాగా నొచ్చుకున్నారు. ఆ రాతను ఫొటో తీసి నా ముందు పెట్టి, "మీరు బోర్డులు రాసినవారు కదండీ, చెయ్యి చూసి మనిషిని చెప్పేస్తారని విన్నాను, ఇది మన బిల్డింగులో ఎవరిదో కాస్త చెప్పండి" అని అడిగారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండానే ఫోను వైపు ఒకసారి చూసి, చూపు మందగించిందండీ, ఏమీ తెలియడం లేదని చెప్పాను. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

నిజానికి నాకు ఒక్క చూపులోనే తెలిసిపోయింది. అది మూడో అంతస్తులో ఉండే రిటైర్డు హెడ్మాస్టరుగారి చెయ్యి. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాసిన చెయ్యి లిఫ్టు గోడ మీద రాసినా వరస వంగదు. ఆయన చేసిన అల్లరికి నాకు లోపల నవ్వు కూడా వచ్చింది. కానీ చెప్పలేదు. లోపలి గదిలోంచి అంతా విన్న మా ఆవిడ వచ్చి, "ఏవండీ, మొన్ననే కదా డాక్టరుగారి చీటీ చదివి మందుల షాపతనికి అర్థం చెప్పొచ్చారు, ఇవాళ తెల్లారేసరికి చూపు ఎలా పోయింది?" అని అడిగింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. సెక్రటరీగారి లాంటి ప్రశ్నే వెనకటికి ఒకాయన నన్ను అడిగాడనీ, అప్పుడు నేను చక్కగా జవాబు చెప్పాననీ, ఆ జవాబు ఒక మనిషి చేతినీ ఒక కుటుంబాన్నీ బలి తీసుకుందనీ కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడతో అప్పటిదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు.

మా తరంవారికి గుర్తుండే ఉంటుంది, ఊళ్ళో అక్షరమన్నది ఎక్కడ కనబడినా అది ఎవరో ఒకరు చేత్తో రాసిందే అయిన రోజులు. బట్టల కొట్టు బోర్డు, డాక్టరు పేరు, లారీ వెనక అమ్మవారి పేరు, సినిమా హాల్లో ఇంటర్వెల్లు ముందు వేసే స్లైడు, అన్నీ మా కుంచెలోంచి వచ్చినవే. నా కొట్టు పాత బస్టాండు వెనక సందులో ఉండేది. టర్పెంటయిను వాసన పడక మా అమ్మ గుమ్మంలోంచే అన్నం క్యారేజీ అందించి వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు బోర్డు మీది మాట చదువుకుని పోతే మేము ఆ మాట రాసిన చెయ్యిని చదువుకునేవాళ్ళం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, భీమడోలులో ఫలానా ఆయనకి ఈ మధ్య నడుం నొప్పి ఎక్కువైనట్టుంది, కింది వరస వంగి రాయలేకపోయాడు అని నాలో నేనే అనుకునేవాణ్ణి. ఈ విద్యలో మా తోటివాళ్ళందరి కంటే నేను నాలుగాకులు ఎక్కువ చదివానని పేరు. ఒకసారి ఒక పెళ్ళి సంబంధాన్ని చెడగొట్టిన ఆకాశరామన్న ఉత్తరం పట్టుకొస్తే, అది పెళ్ళికొడుకు మేనత్తే రాసిందని చెప్పాను, ఆవిడ ఒప్పుకుంది కూడా. అప్పటి నుంచి నన్ను అక్షరాల డాక్టరు అనడం మొదలుపెట్టారు. వేళాకోళానికే అన్నారు గానీ నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

అప్పటి ఏలూరు మంచి ఊరు కాదు. ఇది అంటే ఇప్పటివాళ్ళకి కోపం రావచ్చు గానీ, ఉన్నమాట. పేటకో ముఠా ఉండేది, ఒక పేట మనిషి ఇంకో పేటలో సైకిలు దిగాలంటే చుట్టూ చూసుకునేవాడు. ఆ ముఠాలన్నిటి మీదా ఒకాయన ఉండేవాడు, ఊరంతా ఆయన్ని పెద్దన్న అనేది. పెద్దన్నని మొదటిసారి చూసినవాళ్ళు ఎవరో స్కూలు కరస్పాండెంటు అనుకునేవారు. తెల్లటి పంచె, నుదుట చిన్న బొట్టు, ఎవరినీ ఏకవచనంలో పిలవడు, పాలు పోసే ఆవిణ్ణి కూడా మీరు అనే అంటాడు. కొట్టించబోయే మనిషిని కూడా కూర్చోండి అని కుర్చీ చూపించేవాడని చెప్పుకునేవారు. మా వైపు మాట మెత్తన అని బయటివాళ్ళు మెచ్చుకుంటూ ఉంటారు కదా, ఆ మెత్తదనం ఆయన చేతిలో పడి ఎంత భయంకరంగా తయారైందో మాకే తెలుసు.

ఆయన ముఖ్యమైన ఆదాయం కొల్లేటి చేపల మీద. కొల్లేటి లంకల నుంచి పడవల్లో వచ్చిన చేపని వెదురు బుట్టల్లో ఐసు వేసి సర్ది, పైన ఊక కప్పి, లారీల్లో కలకత్తాకి పంపేవారు. పెద్దన్న మనుషులు గుండుగొలను దగ్గర రోడ్డు మీద జీపు అడ్డం పెట్టి, వాటా ఇవ్వని వాళ్ళ లారీని ఆపేవారు. అంతే, ఇంకేమీ చేసేవారు కాదు. డ్రైవరుకి టీ కూడా ఇప్పించేవారు. ఎండలో లారీ ఆగి ఉంటే లోపల ఐసు దానంతట అది కరిగిపోతుంది కదా. లారీ కింద తారు రోడ్డు మీద తడి ఎంత మేర పాకిందో చూసి, ఆ లారీ ఎంతసేపటి నుంచి ఆగిందో దారిన పోయేవాళ్ళు చెప్పగలిగేవారు. మధ్యాహ్నానికి చేప వాసన మారేది, లంకలో ఎవరి ఇల్లో మునిగిపోయేది. వెళ్ళి అడిగితే మేము ఎవరినీ ముట్టుకోలేదండీ అనేవారు. నిజమే మరి, ఎవరినీ ముట్టుకోలేదు.

అలాంటి రోజుల్లో ఒక వేసవిలో వచ్చాడు తువ్వాలాయన. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా, పడవ నడిపే గడకర్ర చేత్తో పట్టుకుని, పట్టపగలు గుండుగొలను రోడ్డు మీదకి వచ్చి, జీపు దగ్గర ఉన్న నలుగురినీ మోకాళ్ళ మీద కొట్టి, లారీని పంపించేసి, పొలం గట్ల మీదుగా వెళ్ళిపోయాడట. మర్నాటికి అక్కడి పాత గోడౌను గోడ మీద ఎర్రటి జేగురు రంగుతో ఒక రాత కనబడింది: "నిన్నటి లారీ వెళ్ళింది. రేపటి లారీ కూడా వెళుతుంది." పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు, మళ్ళీ రాశాడు. ఆ రెండు వాక్యాలూ ఏలూరులో ఎవరి నోట విన్నా అవే. కిళ్ళీ కొట్ల దగ్గర, రేషను క్యూలో, చివరికి మా అమ్మ పప్పు తాలింపు వేస్తూ కూడా, రేపటి లారీ కూడా వెళుతుందర్రా అనేది. నాకైతే ఆయన దేవుడితో సమానం. ఆయన రాసింది గోడ మీద, రంగుతో, మావాడిలా. అందుకని ఆయన సగం మా వృత్తివాడేనన్న గర్వం కూడా ఉండేది.

పెద్దన్నకీ ఆయనకీ ఎదురుబొదురుగా జరిగిన తగాదా నేను కళ్ళారా చూశాను. ఆ రోజు గుండుగొలను దగ్గర ఒక హోటలు ముందు ఆగిన లారీకి ముందు పలక రాస్తున్నాను. తన మనుషుల వల్ల కావడం లేదని పెద్దన్నే స్వయంగా వచ్చి రోడ్డు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వరసగా ఐదారు చేపల లారీలు ఆగి ఉన్నాయి, కింద నీళ్ళు కాలువ కడుతున్నాయి. తువ్వాలాయన చేలోంచి పైకెక్కి నేరుగా ఆయన ముందుకి వచ్చి నిలబడ్డాడు. పెద్దన్న లేచి, "ఎండన పడి వచ్చారు, కూర్చోండి, మాట్లాడుకుందాం" అన్నాడు. వెనక నుంచి ఇద్దరు కత్తులతో వచ్చారు, గడ గిర్రున తిరిగింది, ఒకడి మణికట్టు విరిగిన చప్పుడు నా దాకా వినబడింది. పెద్దన్న తనే ఒక కత్తి అందుకుని మీదకి వెళ్ళాడు, తువ్వాలాయన భుజం మీద చొక్కా చీలి ఎర్రబడింది, అయినా వెనక్కి తగ్గలేదు. గడ కొసతో పెద్దన్న పొట్టలో ఒక్క పోటు పొడిచాడు. ఆ తెల్లపంచె మనిషి వెల్లకిలా వెళ్ళి లారీ కింద ఊకా చేపనీళ్ళూ కలిసిన బురదలో పడ్డాడు. తర్వాత ఎవరో డ్రైవరు కిసుక్కుమన్నాడు, ఇంకొకడు అందుకున్నాడు, రోడ్డు రోడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, కుంచె జారిపోయేంతగా నవ్వాను. పెద్దన్న బురదలోంచి లేస్తూ, నవ్విన ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాడు.

ఆ తర్వాత వారానికి ఆయన మా కొట్టుకి వచ్చాడు. కడిగిన పంచె, అదే బొట్టు. నా నవ్వు చూశాడేమో అని భయపడ్డాను. కానీ ఆయన వాళ్ళమ్మగారి పేరు మీద గుండుగొలనులో చలివేంద్రం పెడుతున్నాననీ, దానికి బోర్డు కావాలనీ, అది నా చేత్తోనే రాయించాలని అమ్మగారి కోరిక అనీ చెప్పాడు. స్థలం చూపిస్తానని తన జీపులోనే తీసుకెళ్ళాడు. దారి పొడుగునా నేను రాసిన బోర్డులు ఒక్కొక్కటీ చూపించి, ఏ అక్షరం ఎందుకు బాగుందో చెప్పాడు. నా జన్మలో అంత శ్రద్ధగా నా పని చూసినవాడు ఇంకొకడు లేడు. నాకు భయం పోయింది. పోవడమే కాదు, ఆయన పక్కన కూర్చున్నందుకు కాస్త ఛాతీ కూడా పొంగింది, ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

జీపు సరిగ్గా ఆ గోడౌను గోడ ముందు ఆగింది. ఇక్కడేనండీ పందిరి వేయిస్తాను అంటూ దిగాడు. గోడ మీద జేగురు రాత ఇంకా చెక్కుచెదరలేదు. దాన్ని ఆయన తల పక్కకి వంచి చూసి, ఎంతో నొచ్చుకున్నట్టు, "ఎవరో అక్షరం ముక్క రాని మొద్దు రాసినట్టుంది కదండీ? సున్నా కూడా సరిగ్గా చుట్టలేకపోయాడు. మీ బోర్డు పక్కన ఇది ఉంటే మీకే అప్రతిష్ఠ, సున్నం కొట్టించేస్తాను" అన్నాడు.

తువ్వాలాయనకి దొంగతనమో హత్యో అంటగట్టినా నేను నోరు మెదిపేవాణ్ణి కానేమో. అక్షరాన్ని తప్పు పట్టాడు. నా దేవుడి అక్షరాన్ని, అదీ తప్పుగా. నేను ఆగలేకపోయాను. మొద్దు కాదండీ, ఆ సున్నాలు కావాలనే అలా వచ్చాయి, చూడండి, ప్రతి గుండ్రటి అక్షరంలోనూ పైనా కిందా సన్నగా ఖాళీ వదిలాడు, అది రేకు అచ్చులు కత్తిరించే మనిషి అలవాటు అని చెప్పాను. చదివేవారికీ కాస్త వివరంగా చెప్పాలి. బియ్యం బస్తాల మీద మిల్లు పేరు అద్దడానికి రేకులో అక్షరాలు కత్తిరిస్తారు. గుండ్రంగా కత్తిరిస్తే మధ్య ముక్క ఊడి పడిపోతుంది గనక, అది నిలవడానికి రెండు చోట్ల సన్నగా రేకు వదిలేస్తారు. అందుకని బస్తా మీద పడ్డ సున్నా ఎప్పుడూ పూర్తిగా కలవదు. ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాడి చెయ్యి కుంచె పట్టుకుని రాసినా అక్కడ తెలియకుండానే ఆగి, దాటి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఇదంతా నేను పెద్దన్నకి వేలు పెట్టి చూపించాను. ఈ చుట్టుపక్కల ఇంకా రేకులు చేత్తో కత్తిరించేది గూడెం మిల్లుల్లోనేనండీ అని కూడా అన్నాను. తాడేపల్లిగూడేన్ని మేము గూడెం అనే అంటాం.

అక్కడిదాకా నోరు జారడం అనుకోవచ్చు. చాలా ఏళ్ళు అలాగే అనుకుని పడుకున్నాను. కానీ నిజం అంతతో అవలేదు. గూడెం అన్న మాట నా నోట్లోంచి రాగానే పెద్దన్న గోడ మీంచి చూపు తిప్పి నా వైపు చూశాడు, ఆ చూపు చూసి నాకు అంతా అర్థమైంది. చలివేంద్రం, అమ్మగారి కోరిక, దారి పొడుగునా మెచ్చుకోళ్ళు, అన్నీ ఎందుకో ఒక్కసారిగా తెలిసింది. అక్కడ నేను ఆగిపోయి ఉండవచ్చు. గూడెంలో మిల్లులకు కొదవలేదు, రేకులు కత్తిరించేవాళ్ళు చాలామంది ఉంటారు, వెతికి వెతికి విసిగిపోయేవారేమో. కానీ నా దగ్గర ఇంకో ముక్క మిగిలిపోయి ఉంది. అన్నిటికంటే గొప్ప ముక్క అది, ఇంకెవరూ కనిపెట్టలేనిది. ఆయన "అంతేనా అండీ?" అని మెత్తగా అడిగాడు. నేను, "ఎడంచేతి వాటం మనిషండీ, గీతలన్నీ కుడి నుంచి ఎడమకి లాగాడు" అన్నాను. తెలిసి అన్నాను. భయపడి కాదు, డబ్బుకి కాదు, చెప్పకుండా ఉండలేక అన్నాను.

పెద్దన్న నా భుజం తట్టి, అమ్మగారు మీ గురించి చెప్పింది నిజమేనండీ అని, మళ్ళీ కొట్టు దగ్గర దింపి వెళ్ళాడు. అప్పటికి పదకొండు గంటలు. గూడెం వైపు వెళ్ళే పాసింజరు ఇంకో అరగంటలో ఉంది, స్టేషను నా కొట్టుకి నడకలో ఉంది, అక్కడ దిగి రెండు మిల్లుల్లో అడిగినా రేకులు కత్తిరించే ఎడంచేతి ఆయన ఎవరో ఎవరైనా చెప్పేవారు. ఇదంతా ఆ రోజే ఆలోచించాను. చలివేంద్రం బోర్డు కోసం రేకు నేల మీద పరిచాను, పొద్దున ఇంకో పనికి కలిపిన రంగు ఉంది, ఆరిపోతుందని కుంచె తీశాను. పాసింజరు కూత వినబడింది. కూత అయ్యాక కూడా రాస్తూనే ఉన్నాను. ఆ చలివేంద్రం బోర్డు నేను జీవితంలో రాసినవాటిల్లోకెల్లా మంచి బోర్డని చాలామంది అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం గూడెంలో ఒక మిల్లు కళ్ళం మీద, ధాన్యం ఆరబోసుకుంటున్న కూలీలంతా చూస్తుండగా, రేకులాయన ఎడంచేతిని కాటా దగ్గరి బండ మీద పెట్టించి, తూకం రాయితో నుజ్జు చేశారు. చంపలేదు. చంపితే జనం గుర్తు పెట్టుకుంటారని పెద్దన్నకి తెలుసు. చూశామని చెప్పేవాళ్ళు లేక కేసు నిలబడలేదు. ఆ వారం గుండుగొలను దగ్గర లారీలు మళ్ళీ ఆగాయి, కింద తడి మళ్ళీ పాకింది. ఏలూరులో రేపటి లారీ మాట అనడం మానేశారు, మా అమ్మ కూడా.

నెల పోయాక, నిద్ర పట్టక, ఒక సంచీ నిండా బత్తాయిలు కొనుక్కుని ఆయన్ని చూడడానికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. మిల్లు వెనక రెండు గదుల పెంకుటిల్లు. ఆయన సన్నటి మనిషి, ఆ గడ తిప్పింది ఈయనేనా అనిపించేటంత మామూలు మనిషి. అరుగు మీద కూర్చుని కూతురి పలక ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో అ ఆలు దిద్దుకుంటున్నాడు. ఆరేడేళ్ళ ఆ పిల్ల పక్కన నిలబడి, అలా కాదు నాన్నా అని సరిచేస్తోంది. నేను ఏలూరు పెయింటర్నని చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు. నా బోర్డులు చూసే అక్షరం నేర్చుకున్నానండీ, గూడెం నుంచి సైకిలు మీద వచ్చి చూసిపోయేవాణ్ణి అన్నాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది, తాగాను. మాటల్లో తెలిసింది, ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంకేనని, ఆవిడ తండ్రి సరుకు వరసగా మూడుసార్లు గుండుగొలను దగ్గర కుళ్ళిపోతే పడవ అమ్ముకుని, మాట పడిపోయి మంచాన ఉన్నాడని. గడకర్ర ఆ మామగారిదే.

వెళ్ళేముందు ఆయన వీధి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి ఒక మాట అడిగాడు. "ముఖం కప్పుకున్నాను, మా ఆవిడక్కూడా చెప్పలేదు, మరి వాళ్ళకి నేనని ఎలా తెలిసి ఉంటుందంటారండీ?" ఆ ప్రశ్న కోసమే కదా నేను వెళ్ళింది. జవాబు నాలిక చివర ఉంది. నేను, మిల్లులో మీకు దగ్గరివాళ్ళే ఎవరో నోరు జారి ఉంటారండీ అన్నాను. "నా గోళ్ళలో జేగురు చూసినవాడు ఒక్కడేనండీ" అన్నాడాయన. నేను గబగబా స్టేషనుకి వచ్చేశాను.

ఆ ఒక్కడు ఆయన తోడల్లుడు. అదే మిల్లులో కాటా దగ్గర పని చేసేవాడు, ఇద్దరి భార్యలూ అక్కచెల్లెళ్ళు, ఇళ్ళు కూడా గోడకి గోడ. ఒకనాడు భోజనాల దగ్గర ఆయన గోళ్ళు చూసి, ఏంటన్నయ్యా పేరంటానికి వెళ్ళొచ్చావా అని నవ్వాడట, అంతే అతను చేసిన నేరం. నా మాట తర్వాత రేకులాయన ఆ ఇంటి వైపు చూడ్డం మానేశాడు. రెండిళ్ళ పెరళ్ళ మధ్యా గోడ లేచింది, అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు పోయాయి. ఇవన్నీ గూడెం నుంచి వచ్చే లారీ డ్రైవర్ల వల్ల నాకు తెలుస్తూనే ఉండేవి. వద్దనుకుంటూనే వినేవాణ్ణి. మొదట్లో పెద్దన్నంటే భయపడి చెప్పలేదు. ఆయన కొన్నేళ్ళకి షుగరు జబ్బుతో మంచం మీదే పోయాడు, ఊరేగింపుగా తీసుకెళ్ళారు. భయం పోయాక సిగ్గు మిగిలింది. తర్వాత కంప్యూటరు బోర్డులొచ్చి కొట్టు మూసేశాను, పెళ్ళిళ్ళూ పురుళ్ళూ వచ్చాయి, సిగ్గు కూడా పాతబడి ఒక రకం బద్ధకంగా మారింది. రేపు చెబుదాంలే అనుకుంటూ ఉండగా రేకులాయన పోయాడు, ఆ వెనకే వాళ్ళావిడా పోయింది.

సెక్రటరీగారు వచ్చి వెళ్ళిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడతో ఇదంతా చెప్పాను. ఆవిడ వింటూ కంచాలు తుడవడం ఆపేసింది. నన్ను తిడుతుందనుకున్నాను. "నాతో చెబితే మీ మనసు తేలికవుతుంది గానీ వాళ్ళ బరువు ఎవరు దింపుతారండీ? ఆ తోడల్లుడుగారు ఉన్నారా, పోయారా?" అని మాత్రం అడిగింది. ఉన్నారని తెలుసు. మర్నాడు గూడెం పాసింజరెక్కాను.

తోడల్లుడు ఇప్పుడు ఒంటరిగా అదే ఇంట్లో ఉంటున్నాడు, భార్య కూడా లేదు. పక్క ఇల్లు ఎవరో కొనుక్కుని మేడ కట్టారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను మంచం మీద కూర్చున్నాడు. నేను తల ఎత్తకుండా మొత్తం చెప్పాను, గోడ దగ్గర రెండో మాట తెలిసే అన్నానని కూడా దాచలేదు. ఆయన అరవలేదు, లేవలేదు. "మా అన్నయ్య పోయినప్పుడు నన్ను పాడె పట్టనివ్వలేదండీ. వెనకాల దూరంగా నడిచాను. నేను కాదన్నయ్యా అని ఆయనకి చెబుదామని ఎన్నిసార్లో వెళ్ళాను, తలుపు తీయలేదు. ఇప్పుడు నేను కాదని తేలింది, ఎవరితో చెప్పుకోమంటారు?" అన్నాడు. రేకులాయన కూతురు తణుకులో టీచరుగా ఉందని, నంబరు ఎవరినో అడిగి తెచ్చుకుని చేయడానికి ధైర్యం లేక ఏళ్ళుగా చీటీ మీదే ఉంచుకున్నానని ఆయనే చెప్పి, దిండు కింద నుంచి ఆ చీటీ తీశాడు.

నేనే ఫోను చేశాను. అంతా రెండోసారి చెప్పాను, మొదటిసారి కంటే కష్టమైంది. ఆవిడ ఏడవలేదు. "మా నాన్న బతికుండగా ఎందుకు చెప్పలేదండీ?" అని ఒక్కటే అడిగింది. ముందు భయపడ్డానమ్మా, తర్వాత సిగ్గుపడ్డాను, ఆ తర్వాత కారణమేమీ లేదమ్మా అన్నాను. ఫోనులో వెనక ఎక్కడో స్కూలు గంట వినబడింది. నన్ను క్షమిస్తానని గానీ క్షమించనని గానీ అనలేదు, నేనూ అడగలేదు. "ఫోను మా బాబాయికి ఇవ్వండి" అంది. ఆయన రెండు చేతులతో ఫోను పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు, అటు నుంచి ఏదో అంటూనే ఉంది, ఈయన తల ఊపుతున్నాడు. నేను బయటికి వచ్చి వీధిలో నిలబడ్డాను.

తిరిగి వస్తూ గుండుగొలను మీదుగా బస్సులో వచ్చాను. ఆ గోడౌను లేదు, రోడ్డు వెడల్పులో ఎప్పుడో పోయింది. చేపల లారీలు ఎవరూ ఆపకుండా వంతెన మీంచి దూసుకుపోతున్నాయి, డ్రైవర్లు అక్కడ టీకి కూడా ఆగడం లేదు. ఊళ్ళో బోర్డులన్నీ మిషను వేసినవే, ఏ సున్నా చూసినా ఒక్కలాగే గుండ్రంగా ఉంది, దాని వెనక ఏ మనిషి ఉన్నాడో చెప్పగలవాడు ఇంక లేడు. ఆ విద్య మనతోనే పోయిందిరా అని మా తోటి పెయింటర్లు కలిసినప్పుడల్లా బాధపడుతుంటారు. నేను వాళ్ళతో తల ఊపుతాను గానీ బాధపడను, పోతేనే మంచిది. ఇన్ని మారిపోయాయి, ఊరు కూడా మా చిన్నప్పటి కంటే నయమైంది. రేకులాయన పాడె మోసిన నలుగురిలో ఆయన తోడల్లుడు లేడన్నది మాత్రం ఇక మారదు. ఆ స్థానంలో ఎవరో మిల్లు కూలీ మోశాడట.